మా పెద్దమ్మ పురమాయింపు

మా హనుమాయమ్మ పెద్దమ్మ ఏ పనీ ఒక్కరికి పురమాయించదు. ముగ్గురికి చెబుతుంది. ఆ ముగ్గురూ చెయ్యరని గట్టి నమ్మకం కాబట్టి చివరికి తనే వెళ్లి చేసుకుంటుంది. చేసేశాక ముగ్గురినీ విడివిడిగా పిలిచి "చేశావా?" అని అడుగుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆవిడ పక్కింట్లో ఉంటున్నవాణ్ణి కాబట్టి ఈ సంగతి ఏ గుళ్లో అయినా ప్రమాణం చేసి చెబుతాను.

ఆ ముగ్గురూ ఎవరయ్యా అంటే, ఒకరు మా పెదనాన్న పేరయ్య. రెండోది ఇంట్లోనూ మిరప కల్లంలోనూ పెద్దమ్మకి కుడిభుజంగా ఉండే కొండమ్మ. మూడోవాణ్ణి నేను, వీరబాబుని. ఊళ్లో ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టు నాది. కొట్లో బేరం వదులుకుని పెద్దమ్మ పిలిస్తే పరిగెత్తుకు రావడం నా అసలు వృత్తి.

ఈ పురమాయింపులో ఒక చక్కని ఏర్పాటు ఉంది. పని నాకు చెప్పగానే, పెదనాన్నకీ చెప్పే ఉంటుందని నాకు తెలుసు. ఆయన చేస్తాడులే అని నేను ఊరుకుంటాను. కొండమ్మ ఉందిగా అని పెదనాన్న ఊరుకుంటాడు. వీరబాబు చూసుకుంటాడులే అని కొండమ్మ ఊరుకుంటుంది. ఎవరూ చెయ్యరు. పెద్దమ్మ చేస్తుంది. దాంతో ప్రతి పనీ సరిగ్గా ఒక్కసారే జరుగుతుంది. ఇంత సాఫీగా నడిచే సంసారం మా జిల్లాలో ఇంకోటి ఉందని నేననుకోను.

ఒకసారి పెద్దమ్మ మనవరాలు శ్రీరమ్య అన్నప్రాసనకి అందరం ట్రాక్టరెక్కి పెదకాకాని గుడికి వెళ్లాం. పూజారిగారు కొబ్బరికాయ అడిగారు. పెద్దమ్మ మా వైపు చూసింది.

"ఒరేయ్ వీరబాబూ, కాయ తెచ్చావా?"

"పెదనాన్న తెస్తాడనుకున్నా పెద్దమ్మా."

"ఏమయ్యా?"

"కొండమ్మకి చెప్పావుగా," అన్నాడు పెదనాన్న.

"నాకు చెప్పారు గానీ, వీళ్లిద్దరికీ కూడా చెప్పానన్నారు గదమ్మా," అంది కొండమ్మ.

పెద్దమ్మ నిట్టూర్చి, చీరల సంచి అడుగున చెయ్యి పెట్టి కొబ్బరికాయ బయటికి తీసింది. పీచు కూడా ఒలిచి, పసుపు కూడా రాసి ఉంది.

"నువ్వే తెచ్చేదానివి మళ్లీ మాకెందుకు చెప్పావు?" అన్నాను.

"ముగ్గురికి చెప్పా. ఇప్పుడెవర్ని తిట్టమంటావు?" అని ఆ కాయ పూజారిగారి చేతికిచ్చేసింది.

అదీ ఆవిడ మాట. మోటారు కట్టెయ్యమని చెబితే ఎవరూ కట్టక, తను వెళ్లేసరికి చేలో నీళ్లు డొంక దాకా పారినా అదే మాట. పెదనాన్నని గుంటూరు బస్సు టైముకి లేపమని ముగ్గురికి చెబితే ఎవరూ లేపక, చివరికి తనే లేపేసరికి బస్సు వెళ్లిపోయినా అదే మాట. లేపాల్సిన ముగ్గురిలో పెదనాన్న కూడా ఒకడు అనేది వేరే సంగతి. "ఎవర్ని తిట్టమంటారు?" అని చేతులు తిప్పుకుంటూ వెళ్లిపోయేది. తిట్టడానికి ఒక్కడు దొరకలేదని ఆవిడ బాధ కాబోలనుకునేవాళ్లం. పెదనాన్న మాత్రం "పదిమంది చేతిలో పడ్డ పాము చావదే" అని చెప్పి చూసేవాడు. "పాముని చంపమని నేనెప్పుడు చెప్పా?" అనేది పెద్దమ్మ.

ఆ సామెత కాస్తా తిరగబడి, మా చేతుల్లో ఒక కుక్క చావబోయిన కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఆ కుక్క పేరు మేస్త్రి. కల్లం కాపలా ఉండే ప్రేమదాసు దాన్ని పిల్లప్పుడు పత్తి చేలో దొరికితే తెచ్చి పెంచాడు. మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని రాశి చుట్టూ కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. ఆ రాశి తలాపున కూర్చుని అందర్నీ అజమాయిషీ చెయ్యడం దాని పని. ఎవరైనా టీకి లేస్తే మొరిగేది. మళ్లీ వచ్చి కూర్చుంటే ఊరుకునేది. కూలి లేకుండా అంత నమ్మకంగా పనిచేసే మేస్త్రి దొరకడని పెదనాన్న మురిసిపోయేవాడు. ఘాటుకి మధ్య మధ్య తుమ్మేది గానీ చోటు మాత్రం వదిలేది కాదు.

రెండువేల రెండో సంవత్సరం, కాయ కల్లానికి వచ్చిన కొత్తల్లో, వెనక్కి వస్తున్న ట్రాక్టరు తొట్టి కింద మేస్త్రి వెనక కాలు పడింది. ప్రేమదాసు దాన్ని సైకిలు క్యారేజీ మీద గోనెసంచిలో కూర్చోబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎముక విరగలేదు. డాక్టరు జయరావుగారు కట్టు కట్టి, నొప్పి మాత్రల అట్ట ఒకటిచ్చి, రోజుకొకటి అన్నంలో పెట్టమన్నారు.

మర్నాడే ప్రేమదాసుకి చీరాల నుంచి కబురొచ్చింది. కూతురు క్రిస్టీనాకి నొప్పులు మొదలయ్యాయట, తొలి కాన్పు. మనిషికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఇటు చూస్తే కుక్క, అటు చూస్తే కూతురు. మాత్రల అట్ట పట్టుకుని పెద్దమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, రోజుకి ఒక్కటే. మధ్యాహ్నం ముద్దలో పెట్టి ఇస్తే తినేస్తాడు."

"నువ్వు పోయి పిల్లని చూసుకో ప్రేమదాసూ. నీ కుక్క పూచీ నాది."

"ఒక్కటేనమ్మా."

"నాకు చెప్పావుగా ఇంక. పో, బండి తప్పిపోద్ది."

ప్రేమదాసు వాకిట్లో మేస్త్రి తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, వెనక్కి చూసుకుంటూ వెళ్లాడు. నాకు చెప్పావుగా అని పెద్దమ్మ అన్నదే గానీ, పూచీ పడిన మనిషికి కుదురెక్కడుంటుంది? అతను వీధి మలుపు తిరిగాడో లేదో, ఆవిడ కత్తెర తీసుకుని ఆ అట్ట ముక్కలు ముక్కలుగా కత్తిరించింది.

మొదట నా కొట్టుకి వచ్చింది.

"ఒరేయ్, ఇది మేస్త్రి మాత్ర. మధ్యాహ్నం వాడికి పెట్టు. మీ పెదనాన్నకీ కొండమ్మకీ కూడా ఇచ్చాలే. అయినా వాళ్ల సంగతి తెలుసుగా, వాళ్లు మర్చిపోతే నువ్వుండాలి."

తర్వాత తెలిసిందేమిటంటే, పేర్లు మార్చి ఇదే మాట మిగతా ఇద్దరికీ కూడా చెప్పింది.

మామూలుగా అయితే ఇందులో ప్రమాదమేమీ లేదు. ముగ్గురం మర్చిపోతాం, పెద్దమ్మ వేస్తుంది, కుక్కకి ఒక్క మాత్ర పడుతుంది. కానీ ఆ మధ్యాహ్నం మేస్త్రి మూడు కాళ్ల మీద కుంటుకుంటూ నా కొట్టు మెట్ల దగ్గరికి వచ్చి, నాలుగో కాలు గాల్లో పెట్టి, నా వైపు చూసింది. నా ప్రాణం ఉసూరుమంది. పెదనాన్న అన్నం తిన్నాడో లేదో తనకే గుర్తుండని మనిషి. కొండమ్మకి తాలుకాయలు తప్ప ఇంకేమీ కనపడవు. వేస్తే నేనే వెయ్యాలి అనుకున్నాను. ఎదురుగా బేకరీలో బన్ను కొని, మధ్యలో మాత్ర పెట్టి తినిపించాను. ఒక మంచి పని చేసిన తృప్తితో ఆ పూట కునుకు కూడా తీశాను.

అంతకు ముందే పెదనాన్న పెరుగన్నంలో ఒకటి పెట్టాడు. వీరబాబు కొట్టు వదిలి రాడులే అనుకున్నాడట. కొండమ్మ ఎండుచేపల కూర కలిపిన ముద్దలో ఒకటి పెట్టింది. మగాళ్లకి ఇట్టాంటివి చేతకావని ఆవిడ అభిప్రాయం. ఆఖర్న పెద్దమ్మ పప్పూ నెయ్యీ వేసి కలిపి, "మా వాళ్లని నమ్ముకుంటే నీ కాలు ఈ జన్మకి మానదురా నాయనా" అని జాలిపడుతూ నాలుగోది పెట్టింది. మేస్త్రి అన్నీ తిన్నది. పుట్టాక అంత గొప్ప భోజనం అది ఎరగదు.

సాయంత్రం టీ వేళకి నేను కల్లానికి వెళ్లేసరికి పెద్దమ్మ అలవాటు ప్రకారం విచారణ మొదలెట్టింది.

"ఏమయ్యా, మాత్ర వేశావా?"

"వేశా," అన్నాడు పెదనాన్న.

"నిజం చెప్పు. నేనేమీ అననులే."

"వేశానే. పెరుగన్నంలో."

పెద్దమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"నువ్వు వెయ్యలేదు కదా?"

"బన్నులో పెట్టి వేశా పెద్దమ్మా."

"కొండమ్మా, నువ్వన్నా..."

"ముద్దలో పెట్టానమ్మా. అంతా తిన్నాడు," అంది కొండమ్మ గర్వంగా.

పనులు కాలేదంటే పెద్దమ్మ ఏనాడూ బెదిరింది లేదు. ముగ్గురూ చేశామనేసరికి మాత్రం మనిషి పాలిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో అందరూ ఆవిడ మాట విన్న మొదటి రోజు అది. అంతలో కొండమ్మ పక్కన కూర్చున్న నలుగురు ఆడవాళ్లు టీకి లేచారు. మేస్త్రి మొరగలేదు. రాశి తలాపున తల నేలకి ఆనించి పడుకుని ఉంది, నోటి వెంట సొంగ కారుతోంది. మేం చూస్తుండగానే పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. దాంట్లో కొంచెం ఎర్రజీర ఉంది. అది మిరపకాయ తొక్క అయితే బాగుండునని నేననుకున్నాను గానీ, కాదు.

"వాడికేమన్నా అయితే ప్రేమదాసు మొహం నేనెట్టా చూడాలిరా? పూచీ పడ్డానురా," అంది పెద్దమ్మ. దాని మూతి సొంగ తుడిచింది. అంతలోనే తేరుకుని కల్లంలో ఉన్న ముగ్గురు కూలీల్ని పిలిచి, ఎస్టీడీ బూతుకి పరిగెత్తి ఆసుపత్రికి ఫోను చెయ్యమని పంపింది.

నా స్కూటరు మీద వెనక పెద్దమ్మ, ఆవిడ ఒళ్లో మేస్త్రి. పెద్దమ్మ ఒంటి నిండా మిరప కోరు, ఘాటైన దుమ్ము. స్కూటరు గతుకులో పడ్డప్పుడల్లా అది లేచేది, ముగ్గురం వరసగా తుమ్మేవాళ్లం. మేస్త్రి తుమ్మినప్పుడల్లా "తుమ్ము నాయనా, తుమ్ము, ప్రాణం ఉన్నట్టు తెలుస్తది" అనేది పెద్దమ్మ.

ఆసుపత్రి గేటు దగ్గరే డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు.

"ఒక్క కుక్క గురించి మూడు ఫోన్లు వచ్చాయండీ. ముగ్గురూ విడివిడిగా ఒకే మాట చెప్పారు. ఊళ్లో ఏదో గత్తర లేచిందనుకున్నా," అన్నారు.

ఆ రోజు మా ఊరంతా పెద్దమ్మ మాట వినాలని ఒట్టు పెట్టుకున్నట్టుంది.

ఆయన సూదిమందు వేశారు, సెలైను పెట్టారు. చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు కోప్పడ్డారు.

"నాలుగు రోజుల మందు ఒక్కపూటలో పడింది. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కొంత వాంతిలో పోయింది కాబట్టి సరిపోయింది. ఇంతకీ ఎవరు వేశారు?"

నేను నోరు తెరవబోయాను. పెద్దమ్మ నా కాలు తొక్కింది.

"నేనేనండి."

"నాలుగూనా?"

"నాలుగూ నేనే."

"ఎందుకమ్మా?"

"తొందరగా తగ్గుద్దని."

"పత్తికి మందు కొట్టినట్టు కొట్టారా? పురుగు చావలేదని ఒక మూత వెయ్యమంటే మూడు మూతలు వేసే రకం మీరంతా. అది పురుగు కాదమ్మా, కుక్క. పెద్దవారు, ఆమాత్రం తెలీదా?"

మూతల లెక్క వచ్చేసరికి పురుగుమందులు అమ్మేవాణ్ణి నేను గోడ మీద ఆవుల బొమ్మ వైపు చూశాను. పెద్దమ్మ తలొంచుకుని అన్నీ పడింది. పులుసులో ఉప్పెక్కువైందంటే ఒప్పుకోని మనిషి, చెయ్యని తప్పుకి చేతులు కట్టుకుని నిలబడింది.

డాక్టరుగారు అటు వెళ్లాక అడిగాను. "అట్టా చెప్పావేంది పెద్దమ్మా? నాలుగూ నువ్వు వెయ్యలేదుగా."

"వెయ్యమంది నేనేగా. నోరు మూసుకుని సెలైను సీసా పట్టుకో."

డాక్టరుగారు రెండు రోజులు గడవాలన్నారు. నీళ్లు బాగా తాగించాలి, ఉచ్చ సరిగ్గా పోస్తే కిడ్నీలు బాగున్నట్టే, అదొక్కటీ కనిపెట్టి చూడమన్నారు. చెప్పడమే తడవు, పెద్దమ్మ ముగ్గురికి పురమాయించింది. ఆ రెండు రోజులూ మేస్త్రి ఎటు కుంటితే అటు పెదనాన్న, కొండమ్మ, నేను వరసగా వెంట నడిచాం. వెనకాల పెద్దమ్మ. ఎవరూ దాని మీంచి చూపు తిప్పలేదు. ఆ కుక్కకి సిగ్గు ఉంటే చచ్చేదే.

మొదటిరోజు ఏమీ లేదు. పెద్దమ్మ అన్నం ముట్టలేదు. "అక్కడ ప్రేమదాసు కూతురికి పురుడు పోసి సంతోషంగా వస్తాడు, ఇక్కడ నేనేం చూపించను?" అని ఒకటే గొణుగుడు. మజ్జిగ నీళ్లూ కొబ్బరి నీళ్లూ గరిటెతో దాని నోట్లో పోస్తూనే ఉంది.

రెండోరోజు పొద్దున్న, గుంటూరు మిర్చి యార్డుకి పంపడానికి తూకం వేసి గోనెల్లో కుట్టిన మిరప టిక్కీలు వరసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రి నెమ్మదిగా లేచింది. కుంటుకుంటూ వెళ్లి, వాటిలో మొదటి టిక్కీ ముందు ఆగింది. అన్నిట్లోకీ మేలు రకం కాయ అది. కట్టు కట్టిన కాలెత్తింది.

అందరం ముందుకి వంగాం. ధారగా పోసింది.

"పోశాడమ్మా," అంది కొండమ్మ.

"చూశా," అన్నాడు పెదనాన్న.

"నేనూ చూశా," అన్నాను.

పెద్దమ్మ నమ్మలేదు. దగ్గరికెళ్లి వంగి, టిక్కీ తడిసిందని చెయ్యి పెట్టి చూసుకుంది. అప్పుడు అక్కడే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ టిక్కీ యార్డుకి పంపొద్దు. పక్కన పెట్టండి," అంది. మాకందరికీ నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఆ సాయంత్రమే ప్రేమదాసు దిగాడు. ఆడపిల్ల పుట్టిందట, తల్లీపిల్లా క్షేమం. మేస్త్రి మూడు కాళ్ల మీద గెంతుకుంటూ ఎదురెళ్లింది. పెద్దమ్మ అతన్ని కూర్చోనివ్వకుండానే చెప్పేసింది.

"ప్రేమదాసూ, నావల్ల తప్పు జరిగింది. నేనే బుద్ధిలేక నాలుగు మాత్రలు ఒక్కసారే వేశా. వాడు చావు తప్పి బయటపడ్డాడు. నువ్వేమన్నా అనుకో, పడతా."

ప్రేమదాసు కుక్క పొట్ట తడిమి, చెవులు తిప్పి చూసి, మా ముగ్గురి మొహాలూ చూసి, నవ్వాడు.

"మీరా అమ్మా? మీరు ఒక్కరికి చెప్పి ఎరగరు. ముగ్గురికి చెప్పుంటారు. వీళ్లు పాపం ఈ ఒక్కసారీ విన్నారు."

"కాదు, నేనే..."

"అమ్మా, నా దగ్గర ఎందుకమ్మా," అన్నాడతను. మళ్లీ నా వైపు తిరిగి చెప్పాడు. "మీకు తెలీదు వీరబాబు గారూ, అప్పటికి మీరు పుట్టలేదు. ఈ అమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు. మబ్బేస్తోంది, కాయల మీద పట్టాలు కప్పమని నాకొక్కడికే చెప్పింది. నాకు జ్వరం. కళ్లు తిరిగి గుడిసెలో పడిపోయా. వాన కొట్టింది, రాశంతా నానింది. మీ తాతగారు కల్లం మధ్యలో నిలబెట్టి, జనం అందరిలో నన్ను అనరాని మాటలన్నారు, పనిలోంచి పొమ్మన్నారు. ఈ అమ్మ కొత్తకోడలు, గుమ్మం దాటి మాట్లాడలేకపోయింది. మర్నాడు మా పేటకి నడిచి వచ్చింది. మాత్రలూ బ్రెడ్డూ పట్టుకుని. మీ తాతగారిని ఏం చెప్పి ఒప్పించిందో, మళ్లీ పనికి పిలిచింది. తప్పు నీది కాదు, ఒక్కడికే చెప్పిన తప్పు నాది, ఇంకెప్పుడూ ఒక్కరికి చెప్పనులే అంది."

పెదనాన్నకి ఈ కథ తెలిసినట్టే ఉంది. కాలితో నేల మీద మిరప గింజలు కదుపుతూ నిలబడ్డాడు. నాకు మాత్రం అప్పుడు వెలిగింది. ముగ్గురికి చెప్పా, ఎవర్ని తిట్టమంటావు అని ఆవిడ విసుక్కుంటోందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఎవర్నీ తిట్టే వీలు లేకుండా ఆవిడే ఏర్పాటు చేసిందని నాకేం తెలుసు. పని చెడితే అది ఏ ఒక్కడి నెత్తి మీదా పడకూడదు, అంతే. పడక తప్పకపోతే తన నెత్తి ఉండనే ఉంది. మా పెద్దమ్మ మీద నాకెప్పుడూ ప్రేమే గానీ, ఆ రోజు గౌరవం కూడా పుట్టింది.

"పాలు పొంగుతున్నాయి," అంటూ పెద్దమ్మ పాకలోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలగడం లేదు.

ఇదంతా అయి కాలు మానాక తేలిన సంగతి ఇంకోటుంది. మాత్రల సంగతి మేమే గుర్తుపెట్టుకున్నాం. మేస్త్రి గుర్తుపెట్టుకున్నది నాలుగు భోజనాల సంగతి. మధ్యాహ్నం అయితే చాలు, పెదనాన్న పెరుగన్నం దగ్గరికి ముందు వెళుతుంది. అక్కణ్ణించి కొండమ్మ గిన్నె దగ్గరికి. తర్వాత నా కొట్టు మెట్లెక్కి, మానిన కాలే మళ్లీ గాల్లో పెట్టి బేకరీ వైపు చూస్తుంది. ఆఖర్న పెద్దమ్మ వాకిట్లో నిలబడుతుంది. తిని తిని పొట్ట నేలకి తగులుతున్నా, ముఖం మాత్రం వారం రోజుల పస్తు మొహం.

పెద్దమ్మ పప్పన్నం కలుపుతూ కేకేస్తుంది.

"ఏమయ్యా, మేస్త్రికి ఏమన్నా పెట్టావా?"

"లేదే, మర్చిపోయా," అంటాడు పెదనాన్న, మూతికి అంటిన పెరుగు తుడుచుకుంటూ.

"కొండమ్మా?"

"అయ్యో, లేదమ్మా."

"ఒరేయ్ వీరబాబూ?"

"కొట్లో పనిలో పడి కుదరలేదు పెద్దమ్మా."

"నాకు తెలుసు. మీకు చెప్పడం నాదే బుద్ధితక్కువ," అని ఆవిడ ఇంకాస్త నెయ్యి వేసి ముద్ద కలిపి దాని ముందు పెడుతుంది. మేం చెప్పిన మాట పెద్దమ్మ చెయ్యి పెట్టి చూసుకోకుండా నమ్మేది ఆ ఒక్క విషయంలోనే.